పడుకోబెట్టాలా, నడిపించాలా? కుక్కల, గుర్రాల ఫిజియోథెరపీలో అసలు చిక్కు

మోకాలి ఆపరేషన్ అయిన కుక్కని ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ రాసిచ్చే కాగితంలో సాధారణంగా రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి. పరుగులు, గెంతులు, మెట్లు, సోఫా ఎక్కడం రెండు నెలల పాటు పూర్తిగా బంద్. రోజుకి మూడు నాలుగు సార్లు మాత్రం బెల్టు పట్టుకుని ఐదేసి నిమిషాలు నడిపించాలి. ఇంట్లో ఒకరు మొదటి మాట పట్టుకుని "పాపం, దాన్ని కదపకండి" అంటారు. ఇంకొకరు రెండో మాట పట్టుకుని వారం తిరక్కుండానే పార్కుకి తీసుకెళ్తారు. గుర్రాల దగ్గరా ఇదే తంతు. ముందు కాలి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పీచు) వాచిన గుర్రాన్ని నెలల తరబడి శాలలో కట్టేసేవాళ్లు ఉన్నారు, వాపు దిగగానే మళ్లీ దౌడుకి దింపేవాళ్లూ ఉన్నారు. అందరి ఉద్దేశమూ మంచిదే. కానీ రెండు పద్ధతులూ జంతువుకి చెరుపే చేస్తాయి.

దెబ్బ తిన్న ఒంటికి విశ్రాంతీ కావాలి, కదలికా కావాలి. ఏది ఎప్పుడు, ఎంత అన్నది తేల్చడమే ఫిజియోథెరపీ పని. మసాజ్, నీళ్ల ట్రెడ్‌మిల్ (నీళ్లు నింపిన తొట్టిలో కదిలే నడక పట్టా), లేజర్ అన్నీ అందులో పనిముట్లే. పనిముట్టు ఏదైనా, మోతాదు తప్పితే మందు వికటించినట్టే వికటిస్తుంది.

మోతాదు ఎందుకంత కష్టమంటే, ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో వేగంతో మానుతుంది. ఎముక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది. టెండన్‌కి నెలలు పడతాయి. కండరాన్ని రెండు వారాలు వాడకపోతే కంటికి కనిపించేంత తరిగిపోతుంది, తిరిగి పట్టడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది. కీలులో ఎముకల చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలే లేవు. కీలు వంగి, చాచుకున్నప్పుడు లోపలి ద్రవం కదిలితేనే దానికి పోషణ అందుతుంది. అంటే ఎముక కోసం కాలిని కదపకుండా ఉంచిన ఆ ఆరు వారాలూ అదే కాలిలోని కండరమూ, కీలూ నష్టపోతూనే ఉంటాయి. ఒకదానికి మేలు చేసేది పక్కదానికి కీడు చేస్తోంది కాబట్టి, ఎముకకి హాని లేకుండా కండరానికి ఎంత పని చెప్పవచ్చో వారం వారం లెక్క వేసుకోవాలి.

మనిషికైతే "నొప్పి ఎంతుంది?" అని అడగొచ్చు, "పళ్ల బిగువున ఇంకో ఐదుసార్లు చెయ్యండి" అని బతిమాలొచ్చు. జంతువు దగ్గర రెండూ కుదరవు. నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. అంతకన్నా పెద్ద చిక్కు, అది బరువుని చాలా తెలివిగా పక్కకి నెట్టేస్తుంది. నిలబడి ఉన్న కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద ఉంటుంది. వెనక కాలు నొప్పెడితే ఆ బరువుని రెండో వెనక కాలి మీదకీ, ముందు కాళ్ల మీదకీ జరిపేస్తుంది. భుజాలు లావెక్కుతాయి, తొడలు సన్నబడతాయి. యజమానికి మాత్రం కుంటు తగ్గినట్టే కనిపిస్తుంది. "ఇప్పుడు బాగానే నడుస్తోందండీ" అన్న మాట దగ్గర చికిత్స ఆపేసిన కుక్కలే ఏడాది తిరిగేసరికి రెండో కాలు పట్టుకుని మళ్లీ వస్తాయి.

అందుకే మంచి థెరపిస్టు మొదట కొలతలు తీస్తాడు. రెండు తొడల చుట్టుకొలత టేపుతో, కీలు ఎంత వంగుతోందో గోనియోమీటర్‌తో కొలుస్తాడు. కుక్క ఎలా కూర్చుంటోందో చూస్తాడు. మోకాలు నొప్పి ఉన్న కుక్క కాలిని మడిచి కిందికి పెట్టుకోకుండా పక్కకి చాపి కూర్చుంటుంది. గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో, గట్టి నేల మీద నడిపించి తల చూస్తాడు. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి వంగుతుంది. కుక్కల్లోనూ ముందు కాలి కుంటు ఇలాగే బయటపడుతుంది. వీటిలో చాలావరకు ఇంట్లోనే ఫోన్‌లో వీడియో తీసి గమనించుకోవచ్చు. రెండు వారాలకోసారి ఒకే చోట, ఒకే వైపు నుంచి తీసిన వీడియోలు డాక్టర్‌కి ఎంతో పనికొస్తాయి.

ఇక మోకాలి విషయమే వివరంగా చూద్దాం, పెంపుడు కుక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే సమస్యల్లో ఇదొకటి. మోకాలి లోపల తొడ ఎముకని కాలిపిక్క ఎముకకి కట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ అనే పీచు ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఒక్క దెబ్బకి తెగుతుంది. కుక్కల్లో చాలావరకు అలా జరగదు. కాలక్రమంలో అరిగి, పీచులు పీచులుగా తెగుతూ, ఒకరోజు పూర్తిగా పోతుంది. లాబ్రడార్, రాట్‌వైలర్ లాంటి బరువైన జాతుల్లో ఇది ఎక్కువ. కారణాల్లో ఒకటి ఎముక ఆకారం. కుక్క కాలిపిక్క ఎముక పైభాగం వెనక్కి దాదాపు 25 డిగ్రీలు వాలి ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారబోతే, జారకుండా పట్టి ఉంచేది ఈ లిగమెంటే. అమెరికన్ పశువైద్యుడు బార్‌క్లే స్లోకమ్ 1993లో ప్రచురించిన టీపీఎల్ఓ ఆపరేషన్‌లో ఆ ఎముకని వంపుగా కోసి తిప్పి, వాలుని ఐదు డిగ్రీల చుట్టుపక్కలకి తెచ్చి ప్లేటు వేస్తారు. లిగమెంట్ లేకపోయినా కీలు జారదు.

ఆపరేషన్ సమస్యలో ఒక సగాన్నే పరిష్కరిస్తుంది. అప్పటికే ఎండిన తొడ కండరాన్ని ఏ ప్లేటూ తిరిగి తేలేదు. మొదటి కొన్ని రోజులు బట్టలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాల చొప్పున పెడతారు, కుక్కని పక్కకి పడుకోబెట్టి కీలుని నొప్పి లేని మేరకే మెల్లగా వంచి చాపుతారు. తర్వాత నడక. ఇక్కడ వేగమే ప్రాణం. త్వరగా నడిపిస్తే కుక్క మూడు కాళ్ల మీద గెంతుతూ వచ్చేస్తుంది, నొప్పి కాలు నేలకి తగలనే తగలదు. మనకే విసుగొచ్చేంత నెమ్మదిగా నడిపిస్తే నాలుగో కాలు కింద పెట్టక తప్పదు. ఐదు నిమిషాల ఆ నెమ్మది నడక అరగంట పార్కు షికారు కన్నా ఎక్కువ పని చేస్తుంది. కొన్ని వారాలయ్యాక కూర్చోబెట్టి లేపడం మొదలుపెడతారు. నొప్పి కాలిని గోడ వైపు ఉంచి కూర్చోబెడితే ఆ కాలిని బయటికి చాపే వీలుండదు, లేచేటప్పుడు రెండు కాళ్లతోనూ లేవాలి. ఆ తర్వాత నేల మీద కర్రలు పరిచి దాటించడం, చిన్న వాలు ఎక్కించడం. ఎనిమిదో వారం దగ్గర ఎక్స్‌రేలో ఎముక అతికిందని తేలాకే పరుగు గురించి ఆలోచిస్తారు. ఇంకో సంగతి. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోదీ పోతుంది. కాబట్టి మొదటి రోజు నుంచీ ఆపరేషన్ కాని కాలు కూడా రోగే అనుకుని బలపరచాలి.

నీళ్ల ట్రెడ్‌మిల్‌కి ఇంత పేరెందుకో ఒక కొలత చూస్తే తెలుస్తుంది. నీళ్లు కుక్క వెనక కాలి మడమ దాకా ఉంటే దాని బరువులో 91 శాతం నేల మీద పడుతుంది. మోకాలి దాకా ఉంటే 85 శాతం, తుంటి దాకా ఉంటే 38 శాతమే. అంటే నీళ్ల ఎత్తు మారుస్తూ బరువుని ఇష్టమొచ్చినంత తగ్గించవచ్చు, కాలు మాత్రం మామూలు నడకలోలాగే కదులుతుంది. మోతాదుని ఇంత కచ్చితంగా పట్టుకోగలిగే సాధనం ఇంకోటి లేదు. మరి చెరువులోనో, ఫామ్‌హౌస్ స్విమ్మింగ్ పూల్‌లోనో ఈదిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఈదే కుక్క ఎక్కువగా ముందు కాళ్లతోనే తోసుకుపోతుంది, నొప్పి ఉన్న వెనక కాలిని ఊరికే వేలాడదీయగలదు. పైగా గట్టు ఎక్కేటప్పుడు వెనక కాళ్ల మీద ఒక్కసారిగా బలం వేస్తుంది, అతుకుతున్న ఎముకకి అదే ప్రమాదం. కుట్లు విప్పి గాయం పూర్తిగా మానక ముందు ఏ నీళ్లూ వద్దు.

కదలికే మందు అని ఇంతదూరం చెప్పాక దానికి పూర్తిగా వ్యతిరేకమైన సందర్భం కూడా చెప్పాలి. డాష్‌హండ్ లాంటి పొట్టి కాళ్ల జాతుల్లో కాళ్లని పొట్టిగా చేసే జన్యు మార్పే వెన్నుపూసల మధ్య డిస్కుల్ని చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. ఆ డిస్కు ఒకరోజు పగిలి వెన్నుపాముని నొక్కుతుంది. కుక్క వీపు గూని చేసుకుని వణుకుతుంది, లేదా వెనక కాళ్లు పడిపోతాయి. కాళ్లు ఇంకా ఆడుతున్న కుక్కకి ఆపరేషన్ లేకుండా చూద్దాం అనుకుంటే, దాదాపు నాలుగు వారాలు చిన్న బోనులాంటి చోట కట్టుదిట్టమైన విశ్రాంతి ఇవ్వాలి. పగిలిన డిస్కు చుట్టూ మచ్చ కట్టేదాకా వ్యాయామాలూ వద్దు, మసాజ్ పేరుతో వీపు పిసకడమూ వద్దు. నొప్పి ఇంజెక్షన్ పడగానే కుక్క హుషారుగా లేచి మంచం మీంచి దూకుతుంది, మిగిలిన డిస్కు కూడా బయటికి వస్తుంది. నొప్పి తగ్గిందంటే గాయం మానిందని కాదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ తెలియాలి, పనిమనిషికీ పిల్లలకీ సహా.

కాళ్లు పూర్తిగా పడిపోతే అది గంటల లెక్క, తక్షణం సర్జన్ చూడాలి. వెనక కాలి వేలి ఎముకని గట్టిగా నొక్కినా కుక్కకి తెలియకపోతే పరిస్థితి విషమించినట్టు. ఆ దశలో ఆపరేషన్ చేసినా సగం, లేదా సగానికి కాస్త ఎక్కువ కుక్కలే మళ్లీ నడుస్తాయి. తర్వాతి నెలల్లో ఫిజియోథెరపీ ఎంత ముఖ్యమో నర్సింగ్ అంతకన్నా ముఖ్యం. పడిపోయిన కుక్క చాలాసార్లు తనంతట తాను మూత్రం పోసుకోలేదు. మూత్రాశయాన్ని రోజుకి మూడు నాలుగు సార్లు చేత్తో నొక్కి ఖాళీ చేయాలి, ఆ పద్ధతి డాక్టర్ దగ్గర చేతులు పెట్టి నేర్చుకోవాల్సిందే. మెత్తటి పరుపు వెయ్యాలి, కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి, తడి లేకుండా చూడాలి. మన వీధుల్లో బండ్ల కింద పడి నడుము విరిగిన కుక్కల్ని చేరదీసే వాలంటీర్లు ఈ పనే చేస్తుంటారు. కాళ్లు వచ్చినా రాకపోయినా పుండ్లు లేకుండా, ఇన్ఫెక్షన్ లేకుండా ఉంచగలిగితే చక్రాల బండి కట్టుకుని సంతోషంగా తిరిగే కుక్కలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల శ్రమకి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు.

గుర్రం దగ్గరికి వస్తే లెక్కలన్నీ మారిపోతాయి. కుక్క మూడు కాళ్ల మీద హాయిగా బతకగలదు. 450, 500 కిలోల గుర్రం బతకలేదు. ఎక్కువసేపు పడుకుని ఉండటం కూడా దాని ఒంటికి పడదు. ఒక కాలికి దెబ్బ తగిలితే మిగతా బరువంతా ఎదుటి కాలి గిట్ట మీద పడి, గిట్ట లోపలి పొరలు విడిపోయే ల్యామినైటిస్ రావచ్చు. బార్బరో కథ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 2006 మే నెలలో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన ఆ గుర్రానికి రెండు వారాల తర్వాత ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక కాలు విరిగింది. న్యూ బోల్టన్ సెంటర్ అనే పశువుల ఆసుపత్రిలో సర్జన్ డీన్ రిచర్డ్‌సన్ బృందం ప్లేటు, స్క్రూలతో ఎముకని నిలబెట్టింది. మత్తు దిగేటప్పుడు కాళ్లు విదిలించుకుని మళ్లీ విరగ్గొట్టుకోకుండా నీళ్ల తొట్టిలో తేలుతూ మెలకువ వచ్చేలా చేశారు. విరిగిన కాలు చాలావరకు మానింది కూడా. కానీ జూలైలో ఎడమ వెనక గిట్టకి ల్యామినైటిస్ వచ్చింది, తర్వాత ముందు గిట్టలకీ పాకింది. 2007 జనవరి 29న దానికి దయామరణం ఇచ్చారు. అందుకే గుర్రపు పునరావాసంలో దెబ్బ తగిలిన కాలి మీద ఎంత కన్ను వేస్తారో మిగతా మూడింటి మీదా అంతే వేయాలి.

పందెపు గుర్రాలకి ఎక్కువగా వచ్చేది ముందు కాలి వెనకవైపు టెండన్ దెబ్బ. గుర్రం మోకాలి కింద చెప్పుకోదగ్గ కండరమే లేదు, పొడవాటి టెండన్లే స్ప్రింగుల్లా సాగి ముడుచుకుంటూ దాన్ని పరిగెత్తిస్తాయి. దౌడులో అవి తెగే హద్దుకి చాలా దగ్గరగా సాగుతాయి. సాగి ముడుచుకునే రాపిడికి టెండన్ నడిబొడ్డున వేడి 45 డిగ్రీల దాకా చేరుతుందని కొలిచి చూశారు. ఆ వేడికీ ఒత్తిడికీ నడిబొడ్డు పీచే ముందు తెగుతుంది. పైకి కొంచెం వాపూ, వేడీ, అంతే. నాలుగు వారాల్లో వాపు పోతుంది, గుర్రం కుంటదు. కానీ లోపల కట్టిన మచ్చ ఇంకా చిక్కుపడ్డ కొబ్బరి పీచులా ఉంటుంది. అది పేనిన తాడులా వరసకి రావాలంటే కొద్దికొద్దిగా, పెరుగుతూ పోయే లాగుడు దానికి అందాలి. శాలలో కట్టేస్తే లాగుడే ఉండదు, దౌడుకి దింపితే పీచు మళ్లీ తెగుతుంది. మధ్య దారి ఏమిటంటే చేత్తో పట్టి నడిపించడం. మొదట రోజుకి ఐదు పది నిమిషాలు, వారానికి కాస్త చొప్పున పెంచుతూ నెలల తర్వాత కొద్దిగా ట్రాట్, ఆ తర్వాతే మెల్లటి దౌడు. ప్రతి మెట్టు ముందూ అల్ట్రాసౌండ్ స్కాన్ చేసి లోపల పీచు ఎలా ఉందో చూడాలి. మొత్తం తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇంత చేసినా చాలా గుర్రాలకి అదే చోట దెబ్బ తిరగబెడుతుంది.

ఏడాది పాటు మేత పెట్టి ఏ పందెమూ ఆడని గుర్రాన్ని పోషించడం ఖర్చుతో కూడిన పని అని నాకు తెలుసు. మలక్‌పేట రేస్‌కోర్స్ గుర్రానికైనా, పెళ్లి బరాత్‌లో తారురోడ్డు మీద గంటలు గంటలు నిలబడే గుర్రానికైనా ఆ ఖర్చే అసలు శత్రువు. అయినా వాపు దిగగానే పనికి దింపడం వల్ల చివరికి ఖర్చు మిగిలేది చాలా తక్కువ సందర్భాల్లోనే. రోజూ గుర్రాన్ని తాకి చూసేది దాన్ని సాకే సయీసు. ఉదయాన్నే రెండు కాళ్లూ తడిమి వేడి తేడా పట్టుకోవడం, గిట్టలు శుభ్రం చేయడం, లాడం వదులైందేమో చూడడం అతని చేతుల్లోనే ఉంటాయి. అతనికి నేర్పని ఫిజియోథెరపీ కాగితం మీదే మిగిలిపోతుంది.

వీపు సమస్యలకి మాత్రం చవకైన, రుజువున్న పని ఒకటుంది. క్యారెట్ ముక్క చూపిస్తూ గుర్రం తలని ఛాతీ వైపు, ముందు కాళ్ల మధ్యకి, రెండు పక్కటెముకల వైపు, వెనక కాలి వైపు మెల్లగా తిప్పించడం. నారెల్ స్టబ్స్, హిలరీ క్లేటన్ బృందం 8 గుర్రాలతో వారానికి ఐదు రోజులు, మూడు నెలలు ఇలా చేయించి, వెన్ను పక్కన ఉండే మల్టిఫిడస్ అనే లోతు కండరం పరిమాణం పెరిగిందని 2011లో చూపించింది. చిన్న అధ్యయనమే, కానీ ఫలితం స్పష్టంగా ఉంది. అదే గుర్రాన్ని ఈతకి దింపితే వీపు కిందికి వంగిపోతుంది కాబట్టి వీపు నొప్పి ఉన్న గుర్రానికి ఈత మంచిది కాదు.

రుజువుల మాట వచ్చింది కనుక ఇంకొంచెం. ఈ రంగంలో పెద్ద అధ్యయనాలు తక్కువ. వెన్నుపాము క్రమంగా పాడైపోయే డీజెనరేటివ్ మైలోపతీ ఉన్న 22 కుక్కల మీద 2006లో వచ్చిన పరిశోధనని అందరూ చెప్తారు. రోజూ గట్టిగా ఫిజియోథెరపీ చేయించినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా చేయించినవి 130 రోజులు, అసలు చేయించనివి 55 రోజులు బతికాయి. తేడా పెద్దదే. కాకపోతే ఎవరికి ఏది అన్నది చీటీలు తీసి పంచలేదు, ఓపిక ఉన్న యజమానులే ఎక్కువ చేశారు. ఆ ఓపికే కుక్కని ఇంకెన్ని విధాల కాపాడిందో వేరు చేసి చెప్పలేం. లేజర్, అల్ట్రాసౌండ్ థెరపీ, అయస్కాంతాల విషయంలో రుజువులు ఇంకా పలచన. వాటికోసం వేలు ఖర్చుపెట్టే ముందు రెండు పనులు చేయమంటాను.

ఒకటి బరువు తగ్గించడం. 48 లాబ్రడార్‌లని కూనలుగా ఉన్నప్పటి నుంచి చచ్చేదాకా గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. తోబుట్టువు కన్నా 25 శాతం తక్కువ తిండి తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు వాటికి ఆలస్యంగా వచ్చింది. ఏ యంత్రమూ ఇంత ఫలితం చూపించలేదు. మిగిలిన పెరుగన్నం, బిస్కెట్లు, చపాతీ ముక్కలు అన్నీ లెక్కలోకి వస్తాయి. రెండోది నేల. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ మీద బలహీనమైన కుక్క ప్రతి అడుగుకీ జారుతుంది, జారిన ప్రతిసారీ మానుతున్న చోట కొత్త దెబ్బ. పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా జారని మ్యాట్లు పరచండి. గోళ్లు కత్తిరించండి, కాలివేళ్ల మధ్య వెంట్రుకలు తీయించండి. ఎండాకాలం నడకంతా సూర్యుడు రాకముందే ముగించండి.

నొప్పి మందు లేకుండా వ్యాయామం చేయించకూడదు, ఎందుకంటే నొప్పితో నేర్చుకున్న నడక వంకర నడకే అవుతుంది. అలాగని ఇంట్లో ఉన్న మన మాత్రలు వేయకండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు, కిడ్నీ నష్టం తెచ్చి ప్రాణం తీయగలవు.

ఎవరు చేయాలన్నది చివరి ప్రశ్న. బ్రిటన్‌లో 1962 నాటి ఉత్తర్వు స్థానంలో 2015లో వచ్చిన ఉత్తర్వు, పశువైద్యుడు చూసి పంపితేనే ఇతరులు జంతువులకి ఫిజియోథెరపీ చేయాలని చెప్తుంది. అమెరికాలో పశువుల స్పోర్ట్స్ మెడిసిన్, పునరావాసం 2010లో ప్రత్యేక విభాగంగా గుర్తింపు పొందింది. మన దగ్గర 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రోగ నిర్ధారణ, చికిత్స రిజిస్టరైన పశువైద్యుల పని. మనుషుల ఫిజియోథెరపిస్టుకి కండరాల మీద మంచి పట్టుంటుంది, కానీ కుక్క తుంటి, గుర్రం గిట్ట వాళ్ల చదువులో లేవు. పశువైద్యుడికి జంతువు తెలుసు, రోజూ గంటసేపు దానితో కూర్చునే వ్యవధి ఉండదు. ఇద్దరూ కలిసి చేసే చోటు దొరికితే వదులుకోకండి. దొరకకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లాంటి బోధనాసుపత్రిలో రోగం తేల్చుకుని, ఇంట్లో ఏం చేయవచ్చో వారాల వారీగా రాయించుకోండి. "ఎక్స్‌రే చూడక్కర్లేదు, పది సిట్టింగ్‌లలో నడిపిస్తా" అనే మనిషి ఎంత ప్రేమగా మాట్లాడినా దూరంగా ఉండండి.

ఇంట్లో మోతాదు ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి మరుసటి ఉదయం చూడాలి. వ్యాయామం కాగానే కాస్త అలసట మామూలే. రాత్రి నిద్రపోయి లేచాక కుంటు నిన్నటికన్నా ఎక్కువగా ఉంటే, లేవడానికి తడబడుతుంటే, కీలు వేడిగా తగిలితే నిన్న చేయించింది ఎక్కువైనట్టు. ఆ రోజు విశ్రాంతి ఇచ్చి మర్నాడు సగంతో మొదలుపెట్టండి. సగానికీ అదే జరిగితే వ్యాయామం ఆపి డాక్టర్‌కి చూపించండి.